గట్టి వస్తువు కొరికిన తర్వాత పన్ను జివ్వుమంటే...

భోజనం మధ్యలో దవడల నడుమ కటుక్కుమని ఒక శబ్దం వినిపిస్తుంది. అన్నంలో వచ్చిన రాయి కావచ్చు, కూరలోని ఎముక ముక్క కావచ్చు. నమలడం ఆగిపోతుంది. నాలుక వెంటనే ఆ పన్ను దగ్గరికి చేరి తడుముతుంది. అద్దంలో చూసుకుంటే ఏమీ కనిపించదు. కాని మరునాడు ఫజ్ర్ వేళ వుజూ కోసం నోట్లో నీళ్ళు పోసుకోగానే ఆ పక్క జివ్వుమంటుంది. ముస్లిం కుటుంబాలలో పంటి చీలికను మొట్టమొదట పసిగట్టేది చాలాసార్లు ఈ వుజూ నీళ్ళే.

అక్కడి నుండి మనిషికి దిగులు పట్టుకుంటుంది. పన్ను విరిగిందా? ఊడిపోతుందా? పీకించుకోవాలంటారా? కొందరు రోజుకు పదిసార్లు అదే పన్నుతో కొరికి చూసుకుంటూ నొప్పి ఇంకా ఉందో లేదో పరీక్షించుకుంటారు. కొందరు ఆ పక్క నమలడమే మానివేసి నెలల తరబడి ఎవరికీ చెప్పకుండా గడుపుతారు. ఈ రెండూ సరైన మార్గాలు కావు.

మా చర్ల మండలం గోదావరికి ఎడమ గట్టున, ఛత్తీస్‌గఢ్ సరిహద్దును ఆనుకొని ఉన్న అటవీ ప్రాంతం. ఇక్కడ గట్టి తిండికి కొదువ లేదు. వేసవిలో చింతపండు కొట్టిన ఇళ్ళలో గింజలు కుప్పలుగా మిగులుతాయి. వాటిని పెనం మీద వేయించి, పొట్టు రాల్చి, పిల్లలు గంటల తరబడి నములుతారు. సారపప్పు పెంకును రాతితో కొట్టే ఓపిక లేక పంటితోనే పగులగొట్టేవారున్నారు. పెద్దవారికి వక్క ఉండనే ఉంది. బక్రీద్ వచ్చిందంటే నల్లి ఎముకలోని మూలుగ కోసం జరిగే పోరాటం అన్ని ఇళ్ళలోనూ ఒకటే. రమజాన్‌లో ఇఫ్తార్ వేళ ఆకలి మీద ఖర్జూరాన్ని గింజతో సహా కొరికేస్తాము. అడకత్తెరతో వక్కను కత్తిరించేటప్పుడు దానిని మొన దగ్గర పెట్టము, మడత బందు వైపుకు నెట్టి పెడతాము. అక్కడే బలం ఎక్కువ. మన దవడ కూడా అటువంటిదే. చెవి ముందరి కీలుకు దగ్గరగా ఉన్న దవడ పళ్ళ మీద పడే ఒత్తిడి ముందు పళ్ళ మీద పడదు. చీలిక తరచుగా దవడ పళ్ళలోనే, అందునా కింది దవడ పళ్ళలో ఎక్కువగా రావడానికి ఇది ఒక కారణం. ఎప్పుడో పుచ్చు తీసి పెద్దగా సిమెంటు నింపించుకున్న పళ్ళు, నిద్రలో పళ్ళు కొరికే అలవాటున్న వారి పళ్ళు మరింత బలహీనంగా ఉంటాయి. వయసు కూడా లెక్కలోకి వస్తుంది. నలభై దాటిన వారిలో ఈ బాధ ఎక్కువ.

పన్ను పైనుండి చూడటానికి ఒక రాయిలా ఉన్నా లోపల మూడు అంతస్తుల నిర్మాణం. పైన ఎనామిల్ అనే తెల్లని పొర ఉంటుంది. మానవ శరీరంలో దానిని మించిన గట్టి పదార్థం లేదు. దాని కింద డెంటీన్. ఇందులో కంటికి కనిపించనంత సన్నని గొట్టాలు వేల సంఖ్యలో ఉంటాయి, వాటిలో ద్రవం ఉంటుంది. అన్నింటికన్నా లోపల నరాలు, రక్తనాళాలు గల మెత్తని గుజ్జు. ఇక పన్ను మొత్తాన్ని దవడ ఎముకలో పట్టి ఉంచేది మిల్లీమీటరులో దాదాపు అయిదో వంతు మందం గల ఒక నారపొర. సృష్టికర్త ఏర్పాటు ఎంత సూక్ష్మమైనదో దీనినిబట్టి గ్రహించవచ్చు. ఆ నారపొర వల్లనే అన్నంలోని ఇసుక రేణువు కూడా పంటికి తెలిసిపోతుంది.

గట్టిది కొరికినప్పుడు దెబ్బ ఈ నాలుగింటిలో దేనికి తగిలిందన్నదే అసలు ప్రశ్న. నారపొర మాత్రమే నలిగితే అది కాలు బెణికిన వంటిది. పన్ను కొంచెం పైకి లేచినట్లు అనిపిస్తుంది, తట్టితే మొద్దు నొప్పి, నమిలితే సలుపు. కాని ఆ నొప్పి రోజురోజుకూ తగ్గుతూ వస్తుంది. ఆ పన్నుకు విశ్రాంతి ఇస్తే వారం పది రోజులలో సాధారణంగా నయమైపోతుంది. అల్లాహ్ దయవల్ల చాలామంది విషయంలో జరిగేది ఇదే. కాబట్టి కొరికిన రోజు రాత్రే పన్ను పోయిందని కుంగిపోవలసిన పని లేదు.

చీలిక సంగతి వేరు. దాని నొప్పికి ఒక వింత స్వభావం ఉంది. మామూలుగా ఏమీ ఉండదు. అన్నం తింటున్నా ఉండకపోవచ్చు. ఏదో ఒక గింజ ఒకానొక కోణంలో పంటి మొన మీద పడినప్పుడు సూది గుచ్చినట్లు చురుక్కుమంటుంది. ఇంకా చెప్పాలంటే, కొరికినప్పటి కన్నా పట్టు వదిలిన క్షణంలో ఎక్కువగా చురుక్కుమంటుంది. కొరికినప్పుడు చీలిక విచ్చుకుంటుంది, వదలగానే రెండు అంచులు దగ్గరకు వస్తాయి, ఆ కదలికకు గొట్టాలలోని ద్రవం ఒక్కసారిగా కదిలి లోపలి నరాన్ని తాకుతుంది. చల్లని నీళ్ళు తగిలినప్పుడు జివ్వుమనడానికి కారణమూ ఆ ద్రవపు కదలికే. కామెరాన్ అనే అమెరికా దంతవైద్యుడు 1964లో ఈ లక్షణాల సముదాయానికి 'పగిలిన పంటి' పేరు పెట్టి వివరించాడు. అంతకుముందు ఇటువంటి రోగులు వైద్యుని దగ్గరికి వెళ్ళి వివరించలేక, వైద్యుడు చూసి కనుగొనలేక ఇబ్బంది పడేవారు. ఆ ఇబ్బంది నేటికీ పూర్తిగా తీరలేదు. సన్నని చీలిక ఎక్స్‌రేలో చాలాసార్లు కనిపించదు. ఎక్స్‌రేలో ఏమీ లేదన్న మాట విని ఇంటికి తిరిగి వచ్చి, మళ్ళీ కొరికి, మళ్ళీ నొప్పి పడేవారు ఎందరో!

ఎముక విరిగితే కట్టు కట్టిన కొన్ని వారాలలో అతుక్కుంటుంది. పన్ను అలా అతుక్కోదు. ఎనామిల్‌ను తయారుచేసే జీవకణాలు పన్ను చిగురులోనుండి బయటికి వచ్చేనాటికే అంతరించిపోతాయి. కాబట్టి చీలిక ఉన్న పన్ను కొన్నాళ్ళు నొప్పి లేకుండా ఉంటే నయమైందని భావించరాదు. చీలిక అక్కడే ఉంటుంది, ప్రతి ముద్దకూ ఇంకొంచెం లోపలికి పాకుతుంది. మోకాటి మీద పెట్టి వంచిన వెదురు బద్ద ఒక్కసారికి విరగదు, పదే పదే వంచితే విరుగుతుంది.

మా మదరసాలో హిఫ్జ్ చదివే ఒక విద్యార్థి ఈ విధంగానే చాలా రోజులు దాచిపెట్టాడు. చలికాలం తెల్లవారుజామున వుజూ చేసేటప్పుడు నోట్లో నీళ్ళు పుక్కిలించకుండా పెదవులు తడిపి లేచిపోతున్నాడని తోటి పిల్లలు చెప్పారు. అడిగితే మొదట చెప్పలేదు. వేయించిన చింతగింజ కొరికాడట. భయపడింది నొప్పికి కాదు, పన్ను పీకేస్తారని. పరీక్షించిన వైద్యురాలు పంటి ఒక మొన మాత్రమే చీలిందని చెప్పి, ఆ భాగం తీసి, నింపి, పైన క్యాపు వేశారు. ఇప్పుడు అన్నీ తింటున్నాడు, చింతగింజలు తప్ప.

పిల్లవాడు అడగకపోయినా ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. వుజూలో పుక్కిలించడం సున్నత్. చల్లని నీళ్ళు బాధిస్తుంటే గోరువెచ్చని నీళ్ళు వాడుకోవడంలో ఏ అభ్యంతరమూ లేదు. నీళ్ళు కాచుకోవడం వల్ల పుణ్యం తగ్గిపోతుందన్న ఆలోచనకు ఆధారం లేదు. గుస్ల్ విషయంలో హనఫీ ఫిఖహ్ ప్రకారం నోరు పుక్కిలించడం ఫర్జ్. కాబట్టి అక్కడ నొప్పి ఉందని వదిలివేయకుండా వెచ్చని నీళ్ళు వాడాలి.

మొదటి కొద్ది రోజులు ఇంట్లో ఏమి చేయాలి? ఆ పక్క నమలడం మానాలి. మెత్తని అన్నం, పప్పు, గంజి వంటివి తినాలి. మరీ చల్లనివి, మరీ వేడివి వదలాలి. ఉప్పు వేసిన గోరువెచ్చని నీళ్ళతో పుక్కిలించవచ్చు. నొప్పి తట్టుకోలేకపోతే పారాసిటమాల్ మాత్రను నిర్ణీత మోతాదులో మింగవచ్చు. ఆస్ప్రిన్ మాత్రను చిగురు మీద అదిమి పెట్టే పద్ధతి మన పల్లెల్లో ఉంది. దాని వల్ల నొప్పి తగ్గదు సరికదా చిగురు కాలి తెల్లగా పుండు పడుతుంది. లవంగ నూనెలో నరాన్ని మొద్దుబార్చే గుణం ఉన్నది నిజమే. కాని దూదికి ఒక చుక్క అద్ది పన్ను మీద ఉంచడం వేరు, నేరుగా చిగుళ్ళ మీద పోయడం వేరు. పొగాకు, కర్పూరం, ఇటుక పొడి వంటివి దగ్గరికి రానివ్వకూడదు. ఇక యాంటిబయాటిక్ మాత్రలు. మందుల దుకాణంలో అడిగి తెచ్చుకుని మూడు రోజులు మింగి, పన్ను బాగుపడిందని అనుకునేవారిని చూస్తుంటాము. ఆ మందు సూక్ష్మక్రిములను చంపవచ్చునేమో గాని చీలికను అతికించలేదు.

చల్లదనం తగిలినప్పుడు వచ్చిన జివ్వు రెండు మూడు క్షణాలలో పోతున్నంతవరకు లోపలి గుజ్జు కోలుకునే స్థితిలోనే ఉన్నదని సాధారణంగా భావిస్తారు. అదే జివ్వు నిమిషాల తరబడి నిలిచిపోతూ ఉన్నా, వేడి టీకి నొప్పి లేస్తున్నా, ఏమీ తినకుండానే రాత్రి నిద్రలోనుండి లేపుతున్నా గుజ్జు దెబ్బతిన్నదని అర్థం. దవడ వాపు, జ్వరం, చీము, నోరు తెరవలేకపోవడం, మింగలేకపోవడం కనిపిస్తే తెల్లవారేదాకా కూడా ఆగకూడదు. ఇవేవీ లేకపోయినా, రెండు వారాలు దాటాక కొరికి వదిలినప్పుడు చురుక్కుమంటూనే ఉంటే ప్రయాణం కట్టవలసిందే.

ప్రయాణం అన్నాను, ఎందుకంటే మాకు అది ప్రయాణమే. చర్ల నుండి భద్రాచలం యాభై కిలోమీటర్లకు పైమాటే. అక్కడి ప్రభుత్వ ప్రాంతీయ ఆసుపత్రికి వెళ్ళేవారు దంతవైద్యులు ఏయే రోజులలో చూస్తారో ముందుగా విచారించుకొని బయలుదేరితే ఒక రోజు కూలి మిగులుతుంది. క్లిష్టమైన పనికి ఖమ్మంలోని దంతవైద్య కళాశాల దాకా పోవలసిరావచ్చు. అది మరో నూరు కిలోమీటర్ల పైచిలుకు. పైగా వానాకాలం ఉంది. భద్రాచలం వద్ద గోదావరి 53 అడుగులకు చేరితే మూడవ ప్రమాద హెచ్చరిక. ఆ నీరు రోడ్డు మీదికి వచ్చిందంటే దుమ్ముగూడెం, చర్ల వైపు రాకపోకలు ఆగిపోతాయి. 2022 జూలైలో నీటిమట్టం 71 అడుగులు దాటిన రోజులు ఇక్కడి వారెవరూ మరచిపోలేదు. అటువంటి సమయంలో దవడ వాచిన మనిషిని ఎటు తీసుకుపోగలము? ఎండాకాలంలో చింతగింజ కొరికినవాడు జూన్ రాకముందే పన్ను చూపించుకోవడం మా ప్రాంతంలో వివేకవంతమైన పని.

దూరాభారం వల్లనే చాలామంది సంతలో పళ్ళు పీకేవారి దగ్గరికి, తెలిసీ తెలియని వైద్యుల దగ్గరికి పోతారు. దీని గురించి వెయ్యేళ్ళ కిందట ఒక ముస్లిం వైద్యుడు రాసిన విషయం నేటికీ అక్షరాలా వర్తిస్తుంది. అందలూసియాలో కార్డోవా సమీపంలోని జహ్రా నగరంలో 936లో జన్మించిన అబుల్ ఖాసిం జహ్రావీ 'అత్తస్రీఫ్' పేరుతో ముప్ఫై భాగాల వైద్య గ్రంథం రచించారు. దాని చివరి భాగం శస్త్రచికిత్సకు సంబంధించినది. అందులో పళ్ళ గార గీకే పరికరాల బొమ్మలున్నాయి, కదిలే పళ్ళను బంగారు తీగతో కట్టే విధానం ఉంది. పన్ను తీసే అధ్యాయంలో ఆయన చేసిన హెచ్చరిక మరీ ముఖ్యమైనది. నొప్పి ఏ పంటిదో ముందు నిర్ధారించుకోవాలి, నొప్పి రోగిని మోసగిస్తుంది, అతడు మంచి పన్నును చూపించి తీయించుకుంటాడు, ఆ తర్వాత కూడా నొప్పి పోదు, అసలు పన్ను తీసేదాకా పోదు. మంగలుల చేతుల్లో ఇలా జరగడం తాను చూశానని కూడా ఆయన పేర్కొన్నారు. లోపలి గుజ్జు నొప్పి చోటును సరిగా చూపించలేదని నేటి వైద్యం కూడా అంగీకరిస్తుంది. కింది పంటి నొప్పి పై పంటిదిగా, ఒక్కోసారి చెవి నొప్పిగా తోచవచ్చు. చీలిన పంటి విషయంలో ఈ మోసం మరింత సులువు. పైకి పుచ్చు ఏమీ కనిపించదు కదా!

వైద్యంలో పరిచయం లేకుండానే వైద్యానికి పూనుకున్నవాడు కలిగిన నష్టానికి బాధ్యత వహించాలన్న ఆదేశం దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) నుండి అబూదావూద్, నసాయి, ఇబ్ను మాజా గ్రంథాలలో ఉల్లేఖించబడింది. మన దేశంలో కూడా చట్టం ప్రకారం నమోదైన దంతవైద్యులకే ఈ వృత్తి చేసే హక్కు ఉంది. చదువుకున్న వైద్యుడు ఏ పన్ను అన్నది ఊహించడు. ఒక్కొక్క మొన మీద చిన్న పుల్లనో దూదినో పెట్టి కొరికించి, వదిలించి చూస్తాడు. చల్లదనం తాకించి చూస్తాడు. అవసరమైతే రంగు పూసి, పక్కనుండి వెలుగు వేసి చీలిక గీతను వెదుకుతాడు. రోగి చేయగలిగిన సాయం ఒకటుంది. ఏమి కొరికారు, ఎన్ని రోజులైంది, నొప్పి కొరికినప్పుడా వదిలినప్పుడా, చల్లని నీటికి వచ్చిన జివ్వు ఎంతసేపు ఉంటున్నది అన్న ఈ నాలుగు విషయాలు స్పష్టంగా చెబితే సగం పని అయినట్లే.

చికిత్స చీలిక లోతును బట్టి ఉంటుంది. అంచు పెచ్చు లేస్తే నునుపు చేసి నింపుతారు. మొన చీలితే క్యాపు వేసి, పీపాకు ఇనుప పట్టీ బిగించినట్లు పన్ను అంతటినీ ఒకటిగా పట్టి ఉంచుతారు. గుజ్జు దెబ్బతింటే రూట్ కెనాల్ చేసి ఆపై క్యాపు. చీలిక వేరు దాకా దిగి పన్ను రెండుగా విడిపోతే తీసివేయడం తప్ప మార్గం ఉండదు. మొదటి మెట్టుకూ చివరి మెట్టుకూ మధ్య తేడా చాలాసార్లు కొద్ది నెలల ఆలస్యమే. "లోపలి పన్నే కదా, ఎవరికి కనిపిస్తుంది, పీకేయండి" అనేవారికి ఒక సంగతి గుర్తుచేయాలి. పంటిని పోగొట్టినవాడు చెల్లించవలసిన పరిహారాన్ని షరీఅత్ ఒక్కో పంటికి అయిదు ఒంటెలుగా నిర్ణయించింది. ఆ లెక్కలో ముందు పన్ను, దవడ పన్ను సమానమేనని హజ్రత్ ఇబ్ను అబ్బాస్ (రజి) ఉల్లేఖనం తెలుపుతుంది. అందానికే కాదు, ఉపయోగానికీ విలువ కట్టిన ధర్మం మనది.

పన్ను నొప్పి పడుతున్నవారికి ఉహద్ కూడా గుర్తుకు రావాలి. హిజ్రీ మూడవ సంవత్సరంలో ఆ యుద్ధభూమిలో దైవప్రవక్త (స) వారి పన్ను విరిగింది, ముఖానికి గాయమై రక్తం కారింది. కుమార్తె హజ్రత్ ఫాతిమా (రజి) గాయాన్ని కడిగారు. నీటితో రక్తం ఆగకపోగా, చాపను కాల్చి ఆ బూడిదను గాయానికి అద్దారు. అంటే అందుబాటులో ఉన్న చికిత్సను వెంటనే చేశారు. దుఆతో సరిపెట్టుకుని చికిత్స మానుకున్న ఆదర్శం అక్కడ కనిపించదు. నొప్పి ఉన్న చోట చేయి ఉంచి మూడుసార్లు బిస్మిల్లాహ్ అని, ఏడుసార్లు శరణు కోరే దుఆ చదవమని ఆయన హజ్రత్ ఉస్మాన్ బిన్ అబిల్ ఆస్ (రజి)కు నేర్పినట్లు సహీహ్ ముస్లింలో ఉంది. అది చదువుతూనే బస్సు ఎక్కవచ్చు.

క్యాపు గురించి నన్ను చాలామంది అడిగేది గుస్ల్ సంగతి. క్యాపు కింద నీరు చేరదు కదా, గుస్ల్ నెరవేరుతుందా అని. ఈ సందేహంతోనే కొందరు క్యాపు వద్దని, పన్ను తీయించుకునేదాకా పోతున్నారు. స్థిరంగా అతికించిన క్యాపు, నింపిన సిమెంటు తీయడం కష్టం కనుక అవి పంటిలో భాగంగానే పరిగణించబడతాయి. వాటి పైన నీరు పారితే గుస్ల్ చెల్లుతుంది. సులువుగా తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళను మాత్రం గుస్ల్ సమయంలో తీయాలి. లోహం గురించిన సందేహానికి కూడా పాత సమాధానం ఉంది. అజ్ఞాన కాలంలో కులాబ్ యుద్ధంలో ముక్కు కోల్పోయిన హజ్రత్ అర్ఫజా (రజి) వెండి ముక్కు పెట్టుకుంటే అది దుర్వాసన వచ్చింది, బంగారు ముక్కు పెట్టుకోమని ప్రవక్త (స) ఆదేశించారు. దీని ఆధారంగా ఇమామ్ ముహమ్మద్ పళ్ళను బంగారంతో కట్టడానికి అనుమతించారు. ఇమామ్ అబూ హనీఫా వెండికే పరిమితం చేశారు. నేడు పింగాణీ, ఇతర లోహాల క్యాపులు దొరుకుతున్నాయి గనుక పురుషులకు బంగారం అవసరమే రాదు.

పన్ను తీయించుకున్నాక ఉమ్మిలో రక్తం ఉమ్మితో సమానంగా గాని ఎక్కువగా గాని ఉంటే హనఫీల ప్రకారం వుజూ మళ్ళీ చేయాలి. ఉమ్మి లేత పసుపుగా మాత్రమే ఉంటే అక్కర్లేదు.

ఇక రమజాన్. నొప్పి భరించరానంతగా ఉండి మందు మింగక తప్పని రోగికి ఆ రోజు ఉపవాసం వదిలి తర్వాత ఖజా చేసుకునే సౌలభ్యం ఖుర్ఆన్‌లోని బఖరా సూరాయే ఇచ్చింది. కేవలం పంటి పని చేయించుకోవడం వల్ల ఉపవాసం భంగం కాదు. 1997లో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖహ్ అకాడమీ పన్ను తొలచడం, తీయడం, శుభ్రపరచడం, పోషకం కాని ఇంజెక్షన్ ఉపవాసాన్ని భంగపరచవని తీర్మానించింది. గొంతులోకి ఏదీ దిగకుండా చూసుకోవాలి, అంతే. రక్తమో మందో మింగితే ఉపవాసం పోతుంది కనుక, ఆలస్యమైనా నష్టం లేని పని అయితే ఇఫ్తార్ తర్వాత పెట్టుకోవడం మేలు. కాని తరావీహ్ తర్వాత చూసే దంతవైద్యుడు మా వైపు ఎక్కడ దొరుకుతాడు! పగలే వెళ్ళవలసి వస్తే నీటిని పీల్చివేసే గొట్టం నోట్లో పెట్టి ఉంచమని వైద్యునికి ముందే చెప్పుకోవాలి. మొద్దుబార్చే ఇంజెక్షన్ ప్రభావం పోవడానికి రెండు మూడు గంటలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువ పడుతుంది. ఇఫ్తార్ వేళకు పెదవి ఇంకా మొద్దుగా ఉంటే తెలియకుండా బుగ్గ కొరుక్కునే ప్రమాదం ఉంది. ఆ పూటకు ఖర్జూరం గింజ తీసి, చిన్న ముక్కలు చేసి, రెండో పక్కన నమలాలి.